వినిన పిమ్మటనే దండన

(పొదిలి పఠనమందిరమున వర్తకులును రైతులును కూడిన సభలో మేము చేసిన ఉపన్యాసము.)



ఎద్దు ఈనినదనగా దూడను గాటకు కట్టుమన్నట్లు అని మనవారొక సామెత చెప్పుదురు. ఎద్దు ఈనునా యని ఒక్క క్షణమైన ఆలోచింపక పలుపు వెదకుకొనుచు పరుగెత్తిన వానిని జూచి నవ్వుకొనుటకు ఈ సామెత పుట్టినది. కాని ఆ పరుగెత్తువాడు అధికారియై, వాని చేతిలోని పలుపు మరియొకని బ్రతుకుదెరువునకు ఉరిత్రాడైనప్పుడు మనకు నవ్వు రాదు. ఆ సంగతినే నేడు మీతో ముచ్చటింప వచ్చితిమి.

మన పొదిలి చుట్టుపట్ల సేద్యము మేఘుని ముఖము చూచి బ్రతుకునట్టిది. ప్రత్తి, మిరప, పొగాకు, కంది. ఈ పంటలతోడనే ఊరి అంగళ్లును బ్రతుకుచున్నవి. విత్తనములమ్మువాడు, ఎరువులమ్మువాడు, పురుగుమందులమ్మువాడు, మిరపకాయలు కొని గుంటూరు యార్డునకు తోలువాడు, మిఠాయి అంగడివాడు; వీరిలో ఒక్కొక్కరి గోడమీద ఒక్కొక్క లైసెన్సు పటము కట్టించి వ్రేలాడవేయబడి యున్నది. ఆ కాగితము రద్దైన దినమున అంగడి తలుపు మూతపడును. తొలకరిలో పదునైదు దినములు మూతపడిన విత్తనాల అంగడి, పిమ్మట తెరచుకొన్నను ఆ యేటికి ఫలమేమి? అదను తప్పిన సేద్యమెట్టిదో అదను తప్పిన వర్తకమును అట్టిదే. కనుక మన ముందున్న ప్రశ్న చిన్నది కాదు. దండించుటకు ముందు వాని మాట వినవలెనా? దండించిన పిమ్మట పై యధికారితో మొరపెట్టుకొనుటకు వానికి త్రోవ యుండవలెనా?

ఈ ప్రశ్న దొరతనముతో వచ్చిన క్రొత్త ప్రశ్న కాదు. మన భారతములో మాండవ్యుని కథ మీరందరును విన్నదే. ఆయన మౌనవ్రతములో నుండగా దొంగలు రాజధనమును తెచ్చి ఆయన ఆశ్రమమున దాగిరి. తరుముకొని వచ్చిన భటులడిగిరి, మౌని పలుకలేదు. వెదకగా సొమ్ము దొరకినది. సొమ్ము దొరకిన పిమ్మట ఇక విచారణ యెందులకని రాజు దొంగలతోపాటు ఆయనను కూడ శూలమున వేయించెను. తరువాత నిజము తెలిసి కాళ్లమీద పడినను ఆ శూలము ఊడిరాలేదు; కోసివేయగా మిగిలిన ముక్క ఆయన శరీరమున నిలిచియే పోయినది. సొమ్ము దొరకుట సాక్ష్యమే కాని తీర్పు కాదని ఆ రాజు తెలిసికొనునప్పటికి ఆలస్యమైనది. కథ అంతటితో ముగియలేదు. మాండవ్యుడు యముని వద్దకు పోయి, నేనేమి పాపము చేసితినని నిలదీసెను. బాల్యమున పురుగులను గ్రుచ్చి హింసించితివని యముడు చెప్పెను. ఆ చిన్న తప్పునకు ఇంత దండనయా యని ఆ ముని యముని శపించి, పదునాలుగేండ్ల లోపల చేసినది పాపముగా లెక్కకు రాదని కట్టడి చేసెను. ఈ ఒక్క కథలో మూడు ధర్మములున్నవి: దండించుటకు ముందు వినవలెను, దండన తప్పునకు తగియుండవలెను, తీర్పరిని ప్రశ్నించుటకు చోటుండవలెను. తీర్పరి యముడైనను ఈ మూటికి లోబడవలసినవాడే.

మన స్వరాజ్యోద్యమము సయితము ఈ ధర్మములకొరకే పెరిగినది. 1919 మార్చిలో తెల్లదొరతనమువారు రౌలట్టు చట్టమును తెచ్చినప్పుడు దేశమంతటను జనులు దానికి పెట్టిన పేరేమి? వకీలు లేదు, వాదము లేదు, అప్పీలు లేదు. చదువురాని వానికి సయితము ఆ మూడు మాటలలో ఆ చట్టపు దుర్మార్గము బోధపడినది. 1922లో ఆ చట్టము రద్దయ్యెను. ప్రకాశము జిల్లాకు 1972లో ఎవరి పేరు పెట్టబడినదో ఆ టంగుటూరి ప్రకాశము పంతులుగారు, చేతినిండ సంపాదన గల బారిష్టరు పనిని విడిచి 1921లో స్వరాజ్య పత్రికను పెట్టినది ఆ కాలమునందే. దొర పోయినాడు. కాని ఆ మూడు లేములలో ఒక్కటియైనను మన కచేరీలలో మిగిలియున్నంత కాలము, వచ్చిన స్వరాజ్యము గడప దాక వచ్చి లోనికి రాని చుట్టము వంటిదే.

లైసెన్సనగా ప్రభుత్వము దయతలచి యిచ్చిన భిక్షమని తలచువారు అధికారులలోనే గాక వర్తకులలోను ఉన్నారు. ఇది పొరపాటు. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 19వ అధికరణమున, ఏ వృత్తినైనను వర్తకమునైనను చేసికొనుట పౌరుని హక్కని చెప్పినది. ప్రజాహితముకొరకు దానిపై సమంజసమైన నిర్బంధములను శాసనము పెట్టవచ్చును. విషమును అమ్మువానిని అడుగువాడుండవలెను; కల్తీ విత్తనమమ్మువానిని పట్టువాడుండవలెను. అందులకే లైసెన్సు. అయితే నిర్బంధము సమంజసమగుట యనగా, దానిని విధించు రీతియు సమంజసమై యుండవలెను గదా!

ఇక మన శాసనములేమి చెప్పుచున్నవో చూడుడు. 1983 నాటి విత్తనముల నియంత్రణ ఉత్తరువు ప్రకారము, లైసెన్సుదారునకు తన మాట చెప్పుకొను అవకాశమిచ్చిన పిమ్మటనే లైసెన్సును నిలుపుదల చేయుటగాని రద్దుచేయుటగాని జరుగవలెను. ఆ ఉత్తరువుపై 60 దినములలో అప్పీలు చేసికొనవచ్చును. 1968 నాటి పురుగుమందుల చట్టములో 14వ సెక్షను సంజాయిషీ చెప్పుకొను హక్కును, 15వ సెక్షను 30 దినముల అప్పీలును ఇచ్చుచున్నవి. 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టములో జప్తునకు ముందు కారణములు తెలుపు నోటీసు, వ్రాతమూలకమైన సమాధానమునకు తగిన వ్యవధి, స్వయముగా చెప్పుకొను అవకాశము, ఈ మూడును 6-బి సెక్షనులో ఉన్నవి. 6-సి లో ఒక నెల లోపల అప్పీలున్నది. 2006 నాటి ఆహారభద్రతా చట్టము, హోటలువాని తప్పులను చూపి సవరించుకొనుటకు 14 దినములకు తక్కువ గాని గడువుతో నోటీసు నీయుమనుచున్నది. జి.ఎస్.టి. రిజిస్ట్రేషనును సయితము వినకుండ రద్దుచేయరాదని 29వ సెక్షను చెప్పుచున్నది. ఇన్ని శాసనములు ఒక్క మాటనే పలుకుచున్నవి: చెప్పుము, వినుము, కారణము వ్రాయుము, పై వానికి చూపుము.

వినుట యనగా నేమి? ఒకరు విని మరియొకరు తీర్పు చెప్పిన అది వినుట యగునా? ఈ ప్రశ్నను సుప్రీంకోర్టు వరకు తీసికొనిపోయినవారు మన తెలుగువారే. కృష్ణాజిల్లాలో బస్సులు నడుపుకొనుచున్న గుళ్లపల్లి నాగేశ్వరరావుగారును తోడి యజమానులును, తమ మార్గములను రోడ్డు రవాణా సంస్థకు అప్పగించు పథకముపై ఆక్షేపణలు తెలిపిరి. రవాణాశాఖ కార్యదర్శి ఆ ఆక్షేపణలు వినెను. నిర్ణయమును మాత్రము ముఖ్యమంత్రి చేసెను. 1958 నవంబరు 5న సుప్రీంకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసినది. విన్నవాడు వేరు, తేల్చినవాడు వేరు అయినప్పుడు ఆ వినుట వట్టి తంతు యని తీర్పు వెలువడినది. పైగా, పథకము పెట్టిన శాఖకు అధిపతియైనవాడే దానిపై ఆక్షేపణలు వినుట తగదనియు చెప్పినది. ఈ తీర్పు వ్రాసిన కోకా సుబ్బారావుగారు రాజమహేంద్రవరమున పుట్టినవారు. 1954లో గుంటూరున నెలకొన్న ఆంధ్ర హైకోర్టునకు మొదటి ప్రధానన్యాయమూర్తి. ఆ పిమ్మట ముఖ్యమంత్రి తానే కూర్చుండి ఆక్షేపణలు విని మరల నిర్ణయము చేయగా, 1959లో ఆ బస్సుల యజమానులు ఓడిపోయిరి. ఓడిపోయినారు గనుక మొదటి గెలుపు వ్యర్థమందురా? కాదు. వినిన పిమ్మట ఓడుట వేరు, వినబడక ఓడుట వేరు. మొదటిదానిలో మనుష్యుడు ఓడును. రెండవదానిలో మనుష్యుడు లేనివాడగును.

కారణము వ్రాయుట సంగతియు అట్టిదే. ఉత్తరప్రదేశములో ఒక చక్కెర వర్తకుని లైసెన్సును కారణము వ్రాయకయే రద్దుచేయగా, ఆ రద్దును 1970లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. కారణము వ్రాయని ఉత్తరువుపై అప్పీలు చేసికొనుట, చీకటిలో గోడతో కుస్తీ పట్టుట వంటిది. ఎక్కడ పట్టవలెనో తెలియదు. 'మీ సంజాయిషీ తృప్తికరముగా లేదు' అను ఒక్క పంక్తి కారణము కానేరదు. ఏ సంజాయిషీ, ఎందువలన తృప్తికరము కాదు? అది వ్రాసిననాడే అధికారి దానిని చదివినట్లు.

ఆలస్యముచేత కలుగు నష్టమును తెలుపు కథ మరియొకటి ఆంధ్రదేశమునందే జరిగినది. నాగేంద్రరావు అండు కంపెనీ యను ఎరువుల, ధాన్యముల వర్తకసంస్థ అంగడిలోని సరకును 1975 ఆగస్టులో పట్టుకొనిరి. ఎరువు కుళ్లిపోవును, కరగిపోవును; వెంటనే అమ్మించుడని వర్తకుడు అర్జీలు పెట్టుకొనెను. ఎవరును కదలలేదు. 1976లో విచారణ ముగిసి సరకు విడుదల కాగా, పోయి చూచునప్పటికి మందమును గుణమును తగ్గిన ఎరువు మిగిలెను. లక్ష రూపాయలకు పైబడిన నష్టమునకు వర్తకుడు దావా వేసెను. క్రింది కోర్టున గెలిచి, హైకోర్టున ఓడి, తుదకు 1994లో సుప్రీంకోర్టున గెలిచినాడు. ఉద్యోగుల అజాగ్రత్తకు ప్రభుత్వము నష్టపరిహారము చెల్లింపవలసినదే, రాజ్యాధికారమను మరుగున దాగరాదని ఆ తీర్పు. కీర్తి గల తీర్పు. న్యాయవాదులము నేటికిని ఉదాహరించుచుందుము. కాని సరకు పోయి 19 సంవత్సరములు! దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు వచ్చిన న్యాయము, న్యాయమే యైనను, ఎంత మంది దానిని చూచుటకు బ్రతికియుందురు?

ఇచ్చట సభలో వెనుక కూర్చున్న రైతు సోదరుల మనస్సులో ఒక మాట మెదలుచున్నదని మాకు తెలియును. 'ప్లీడరుగారు వర్తకుని పక్షము మాటలాడుచున్నారు. నకిలీ విత్తనము నాటి కాపు రాక, అప్పు తీరక కూలబడిన మమ్ము వినువాడెవడు?' ఈ మాట న్యాయమైన మాట. 1997-98లో ఓరుగల్లు ప్రాంతమున ప్రత్తి రైతులు పురుగుమందు త్రాగి ప్రాణములు తీసికొనిన సంగతి ఎవ్వరును మరువరాదు. కల్తీదారుని వెనుకవేసికొని వచ్చుటకు మేమీ వేదిక నెక్కలేదు.

కాని ఆలోచింపుడు. వినకుండ వేసిన దండన ఎవరికి మేలు చేయుచున్నది? నిర్దోషికి కీడు, అది స్పష్టము. దోషికి మాత్రము అది మేలు! ఏలయన, నోటీసు లేక, విచారణ లేక, కారణము లేక వేసిన ఉత్తరువు హైకోర్టులో మొదటి వాయిదాకే వీగిపోవచ్చును. అప్పుడు దోషి తన సరకు మంచిదని నిరూపింపనక్కరలేదు. అధికారి నడవడి చెడ్డదని చూపిన చాలును. మందు కల్తీయా కాదా యను మాట ప్రక్కకు పోవును. పురుగుమందుల చట్టములో నమూనాను మూడు భాగములు చేయవలెనను నియమమున్నది. విశ్లేషణ నివేదిక అందిన 28 దినములలో దానిని ఆక్షేపించువాడు కేంద్ర ప్రయోగశాల పరీక్షను కోరవచ్చును. హర్యానాలో ఒక సంస్థపై పెట్టిన కేసులో, ఆ మరుపరీక్ష సకాలమున జరుగక మందు గడువుతేది దాటిపోగా, ముద్దాయికి గల హక్కు చేయిజారినదని 1999లో సుప్రీంకోర్టు ఆ కేసునే కొట్టివేసినది. ఆ మందు చల్లిన రైతునకు దానివలన తెలిసినదేమి? ఏమియు లేదు. పద్ధతిలో లోపము చేసిన అధికారి, తాను పట్టిన దొంగకు తానే తలుపు తీసినవాడగుచున్నాడు. కనుక విచారణ కోరుట వర్తకుని అవసరమెంతయో రైతు అవసరమును అంతియే. చక్కగా విని వేసిన దండన ఏ కోర్టులోను కదలదు. రైతులారా, మీ పంట నష్టమైనప్పుడు అంగడి మూయించుటతో తృప్తిపడకుడు. విత్తనములు కొన్న రైతు వినియోగదారుడే యనియు, నష్టపరిహారమునకు వినియోగదారుల న్యాయస్థానమునకు పోవచ్చుననియు ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తన సంస్థతో పోరాడి 2012లో సుప్రీంకోర్టున గెలిచియున్నారు. అందులకు మీ చేతిలో రసీదుండవలెను; విత్తనపు సంచియు దానిమీది చీటియు దాచుకొనవలెను.

అత్యవసరము సంగతి యేమని అడుగుదురు. విషపుసరకు అంగడిలో ఉన్నదని తెలిసినప్పుడు నోటీసిచ్చి పదునైదు దినములు చూచుచు కూర్చుండుటయా? కాదు. తాత్కాలికముగా అమ్మకము నిలుపుట తప్పు కాదు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తరువు దీనికి చక్కని త్రోవ చూపినది. ముందుగా నోటీసు లేకయే తాత్కాలికముగా నిలుపవచ్చును. అయితే ఆరోపణ వివరములను వెంటనే తెలుపవలెను. విని 15 దినములలో తుది ఉత్తరువు వేయవలెను. వేయనిచో ఆ నిలుపుదల దానంతటదియే తొలగినట్లు. ప్రజలకు రక్షణయు వర్తకునకు న్యాయమును రెండును ఇందులో ఇమిడియున్నవి. గడువు లేని తాత్కాలికము శాశ్వతమునకు మారుపేరు మాత్రమే.

అధికారుల తప్పులు చెప్పితిమి. మన తప్పులు చెప్పక దిగిపోయిన ధర్మము కాదు. మాకు తెలిసిన ఒక వర్తకుని అంగడి తలుపునకు ఒకనాటి ఉదయము ఒక ఉత్తరువు అంటించిరి. ఆయన దానిని మడిచి జేబులో పెట్టుకొని, తెలిసిన పెద్దమనిషిని వెంటబెట్టుకొని, కచేరీ చుట్టును తిరుగసాగెను. 'మాటలాడుదము, చూతము' అనుమాటలు నమ్మి రెండు నెలలు గడపెను. అప్పీలు గడువు దాటిన పదవ నాడు మా ఇంటికి వచ్చి, చెమటకు తడిసి అక్షరములు కలిసిపోయిన ఆ కాగితమును బల్లపై పెట్టినాడు. ఎప్పుడు చేతికందినదని అడిగితిమి. గుర్తులేదన్నాడు. సంజాయిషీ ఇచ్చితివా యన్నచో నోటితో చెప్పితిననినాడు. న్యాయము ఆయన పక్షముననే యున్నదని మాకు తోచినది. కాని ఆ పక్షమున ఒక్క కాగితమైనను లేదు. ఆలస్యమునకు తగిన కారణము చూపినచో కొన్ని శాసనములు మన్నించును; కొన్ని మన్నింపవు. జి.ఎస్.టి. చట్టపు 107వ సెక్షనులో అప్పీలు గడువు మూడు నెలలు. తగిన కారణమున్నచో మరి యొక నెల. అది దాటిన అప్పీలు అధికారి చేతులు కట్టుబడినట్లే. పైగా వివాదములోనున్న పన్నులో పదవవంతు ముందుగా కట్టవలెను. ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వినట్లు గడువు దాటిన పిమ్మట ప్లీడరును వెదకుటవలన ప్రయోజనమేమి?

కనుక వర్తక సోదరులకు మేము చేయు మనవి ఇది. నిల్వలను ధరలను అంగడి ముందరి బల్లపై ఏ రోజునకారోజు వ్రాయుడు. కొన్నవానికి రసీదు అడుగకయే యిండు. నోటీసు వచ్చినచో అందిన తేదిని దానిమీదనే వ్రాసి, కవరును కూడ దాచుడు. ఆరోపణకు ఆధారమైన నివేదిక నకలు కోరుడు. సమాధానము వ్రాతమూలకముగా నిచ్చి, అందినట్లు కచేరీ ముద్ర వేయించుకొనుడు. స్వయముగా వినుడని స్పష్టముగా అడుగుడు. ఉత్తరువు వచ్చిన నాడే అప్పీలు దినములు లెక్కపెట్టుడు. సాధారణముగా హైకోర్టువారు ముందు అప్పీలునకు పొమ్మందురు; వినకయే వేసిన ఉత్తరువైనచో నేరుగా సయితము రావచ్చునని 1998లో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. కాని అమరావతి వరకు పోవు శక్తి ఎందరికున్నది? పొదిలిలో దొరకవలసిన న్యాయమునకు పొదిలిలోనే పునాది వేసికొనుడు.

అధికారులకు మనము కోరునది అంతకంటె చిన్నది. నోటీసు తెలుగులో నుండనిండు. ఆరోపణ ఏమో, ఏ దినమున ఏ సరకు గురించియో అందులో వ్రాయుడు. ప్రతి ఉత్తరువు అడుగున రెండు పంక్తులు చేర్చుడు: దీనిపై అప్పీలు ఎవరికి, ఎన్ని దినములలో. ఈ రెండు పంక్తులకు క్రొత్త చట్టమక్కరలేదు, డబ్బు ఖర్చు లేదు. మనస్సు మాత్రము కావలెను. తన తీర్పునకు మీద మరియొక తీర్పున్నదని తానే వ్రాయు అధికారి, ఆ తీర్పును తొందరపడి వ్రాయడు. 2023 నాటి జనవిశ్వాస చట్టము 42 కేంద్రశాసనములలో 183 నిబంధనలను మార్చి, పెక్కు చిన్న తప్పులకు జైలు శిక్షకు బదులు జరిమానాలను పెట్టినది. వానిలో పెక్కింటిని న్యాయస్థానము గాక అధికారియే విధించును. జైలు తప్పినందుకు సంతోషమే. కాని కోర్టులోని పని కచేరీలోనికి వచ్చినప్పుడు, కోర్టులోని ఓర్పును కచేరీలోనికి రావలెను. లేనిచో తగ్గినది శిక్ష కాదు, విచారణ యగును.

ఈ పఠనమందిరమునకు దినమును వచ్చు చదువుకొన్న యువకులను కడపట ఒక్కటి కోరుచున్నాము. వారమునకొక సాయంకాలము ఇచ్చట కూర్చుండి, నోటీసు పట్టుకొని వచ్చిన వానికి, వాడు రైతు గానిండు వర్తకుడు గానిండు, దానిని చదివి చెప్పుడు. గడువు తేదిని ఎఱ్ఱసిరాతో గుర్తువేసి యిండు. మేమును వచ్చి మీతో కూర్చుందుము. నాడు వాలంటీర్లు ఊరూర తిరిగి జనులకు చెప్పిన మాట ఒక్కటే: తలవంచి దెబ్బ తినవద్దు, ఏల కొట్టుచున్నావని అడుగుము. ఆ అడుగుటను మనము మరచితిమా, మాండవ్యుని శూలము వలె ఆ దెబ్బ గుర్తు మన ఒంటనే నిలిచిపోవును.